యంత్రం కాదన్నాక ఎవరిని అడగాలి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఉపాధి హామీ కూలిని, సామాజిక పింఛన్లను వేలిముద్ర సరిచూసి స్మార్ట్‌కార్డు మీద చెల్లించే పద్ధతి అది. దాన్ని ముందుగా ఏ మండలాల్లో పెట్టాలో, ఎక్కడ కొంతకాలం ఆగాలో లాటరీ తీసి తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఫలితాలను లెక్కగట్టారు. కూలి డబ్బు తొందరగా చేతికొచ్చింది. ఉపాధి హామీలో మధ్యలో మాయమయ్యే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గింది. పథకానికి దూరమైనవారి సంఖ్య మాత్రం పెరగలేదు.

కొన్నేళ్ల తర్వాత అదే ముగ్గురు జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను పరిశీలించారు. వేలిముద్ర ఒక్కటే పెట్టినంత మాత్రాన అక్కడ దొంగతనం తగ్గలేదు. సరుకు తెచ్చుకోవడానికి పేదలు పెట్టే ఖర్చు పెరిగింది. అప్పటికి కార్డుకు ఆధార్ జతపడని కుటుంబాలకు అందే సరుకు విలువ సుమారు 10 శాతం పడిపోయింది. కొందరికి అసలేమీ అందలేదు.

రెండు చోట్లా లబ్ధిదారులు పేదలే, రెండు చోట్లా సాధనం వేలిముద్రే. మరి తేడా ఎక్కడుంది? మొదటిది, రోగనిర్ధారణలో. ఆంధ్రలో దొంగ పేర్లు, దొంగ పనిదినాలు పెద్ద సమస్య. మనిషిని గుర్తుపట్టి కొత్త మార్గంలో నేరుగా డబ్బు చెల్లిస్తే అవి తగ్గుతాయి. జార్ఖండ్‌లో డీలరు అసలు మనిషికే తూకం తగ్గించి ఇచ్చేవాడు; వేలిముద్ర ఎంత బాగా పడినా త్రాసు మారదు. రెండోది, నియమంలో. ఆంధ్రలో కార్డు రానివారికి, వేలు పడనివారికి పాత పద్ధతిలో డబ్బు ఇచ్చే వీలు ఉంచారు. రెండేళ్లు గడిచాక కూడా సుమారు సగం చెల్లింపులే కార్డుల మీద జరిగేవి. లక్ష్యాల పట్టికలో అది వైఫల్యంగానే కనిపిస్తుంది. ఎవరి కూలీ ఆగకపోవడానికి కారణం మాత్రం ఆ సడలింపే. జార్ఖండ్‌లో చాలా దుకాణాల్లో ఆ వీలు తీసేశారు.

వర్ధమాన దేశాల డిజిటల్ పాలన మీద పాతికేళ్లుగా పోగుపడిన అధ్యయనాలను, అనుభవాలను కలిపి చదివితే చర్చంతా ఎక్కువగా సాఫ్ట్‌వేర్, నెట్, నైపుణ్యం, నిధుల చుట్టూ తిరుగుతుంది. అవన్నీ నిజమైన ఇబ్బందులే. వాటి కింద ఇంకో ప్రశ్న ఉంది: యంత్రం కాదన్నప్పుడు మనిషికి వేరే దారి ఉందా, తప్పు దిద్దే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఏ దేశంలో ఏ పథకం నిలిచిందో, ఏది జనాన్ని ఏడిపించిందో చెప్పడానికి నాకు అన్నిటికన్నా నమ్మకమైన కొలత ఇదే అనిపిస్తుంది.

వైఫల్యానికి లెక్కలు, వివరణలు

ఈ రంగంలో ఎక్కువమంది ఎత్తిచూపే అంకెలు మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్ 2003లో ఇచ్చినవి. వర్ధమాన దేశాల ఈ-గవర్నెన్స్ ప్రాజెక్టుల్లో 35 శాతం పూర్తిగా విఫలం, 50 శాతం పాక్షికంగా విఫలం, 15 శాతమే సఫలం అని ఆయన అంచనా. పదమూడేళ్ల తర్వాత ప్రపంచ బ్యాంకు 2016 ప్రపంచాభివృద్ధి నివేదిక కూడా దాదాపు ఇదే చిత్రం చూపింది. సఫలమైనవి 20 శాతం లోపే అంది. ఫోన్లు, నెట్, క్లౌడ్ అన్నీ మారిపోయిన ఆ పదమూడేళ్లలో సాఫల్యం వాటా అంతగా కదలలేదంటే, లోపం యంత్రాల్లోనే ఉందనుకోవడం కష్టం.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా వాడాలి. విజయం అన్నది ఎవరు, ఎప్పుడు చూస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైన కార్డ్ అనే రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ అప్పట్లో దేశమంతా మెచ్చుకున్న నమూనా. రోజుల తరబడి సాగే పని గంటల్లోకి వచ్చిందని ప్రచారం జరిగింది. 2004లో జొనాథన్ కేస్లీ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దీన్ని పైపూతగా తేల్చారు. దస్తావేజు లేఖరుల ద్వారా మామూళ్లు ఎప్పటిలాగే నడుస్తున్నాయని ఆయన వాదన. రిజిస్ట్రేషన్ వేగం పెరిగిందన్నదీ నిజమే కావచ్చు, లంచం పోలేదన్నదీ నిజమే కావచ్చు.

వైఫల్యానికి పండితులు ఇచ్చిన వివరణలు ముఖ్యంగా నాలుగు. హీక్స్ దృష్టిలో, రాజధానిలోనో విదేశంలోనో గీసిన నమూనాకూ, అమలు చేసే ఆఫీసు వాస్తవానికీ మధ్య దూరమే ముప్పు. ప్రపంచ బ్యాంకు దృష్టిలో, చట్టాలు, నైపుణ్యాలు, జవాబుదారీ సంస్థలు లేకుండా డిజిటల్ పెట్టుబడి ఫలించదు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం స్థాపనలో పాలుపంచుకున్న కెంటారో టొయామా 2015లో ఇంకో మాట అన్నారు: సాంకేతికత అప్పటికే ఉన్న మానవ శక్తులను పెంచుతుంది, లేనివాటిని పుట్టించదు. లాంట్ ప్రిచెట్ బృందం నాలుగో కోణం చూపింది: పేద దేశాల ప్రభుత్వాలు సమర్థ ప్రభుత్వాల పైరూపాన్ని అరువు తెచ్చుకుని, పని చేయకపోయినా చేస్తున్నట్టు కనిపిస్తాయి.

పైరూపం మీద మోజును అంతర్జాతీయ ర్యాంకులు కూడా పెంచుతాయి. ఐక్యరాజ్యసమితి ఈ-గవర్నమెంట్ సూచీ ఆన్‌లైన్ సేవలను, టెలికాం సదుపాయాలను, మానవ వనరులను కొలుస్తుంది. 2024లో అందులో మన దేశానిది 97వ స్థానం. ఎన్ని సేవలు ఆన్‌లైన్లో ఉన్నాయో దాన్ని చూసి చెప్పవచ్చు. దరఖాస్తు పెట్టినవారిలో ఎందరి పని పూర్తయిందో, ఎందరు మధ్యలో తిరిగి వెళ్లారో అందులో కనిపించదు.

ఈ నాలుగు వివరణలూ విలువైనవే. కానీ ఒకే దేశంలో, ఒకే దశాబ్దంలో, ఒకే సాధనంతో ఆంధ్రకూ జార్ఖండ్‌కూ వచ్చిన తేడాను ఇవి పూర్తిగా విప్పి చెప్పవు. అందుకు ఒక్కొక్క సమస్యనూ విడిగా చూడాలి.

కాగితం మీది తప్పు తెరకెక్కితే

ఎక్కడైనా మొదటి అడ్డంకి సమాచారమే. పాత రికార్డులు అసంపూర్ణంగా, పరస్పర విరుద్ధంగా ఉంటాయి. పాత పద్ధతిలో ఊరి ఉద్యోగి జ్ఞాపకమో, పెద్దమనుషుల మాటో ఆ సందులు పూడ్చేది. అందులో పక్షపాతం ఉండేది, లంచం ఉండేది, సర్దుబాటు కూడా ఉండేది. అదే రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించి ఇదే తుది సత్యం అంటే, సర్దుబాటు పోయి తప్పు ఒక్కటే మిగులుతుంది.

కర్ణాటక భూమి ప్రాజెక్టు దీనికి తొలి పాఠం. సుమారు 2 కోట్ల భూ రికార్డులను కంప్యూటర్లో ఎక్కించి, 67 లక్షల మంది రైతులకు తాలూకా కౌంటర్లలో 15 రూపాయలకు నకలు ఇచ్చే ఏర్పాటు అది. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2007లో సాలమన్ బెంజమిన్ బృందం బెంగళూరు పరిసరాల్లో చూసింది వేరు. రికార్డులన్నీ ఒకచోట చేరడంతో పెద్ద ఎత్తున భూమి కొనేవారికి దారి సులువైందనీ, అవినీతి ఊరి నుంచి తాలూకాకు మకాం మార్చి ఇంకా పెరిగిందనీ వారు రాశారు.

తెలంగాణ ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ అనుభవం ఇంకా లోతైనది. 2017లో చేపట్టిన భూ రికార్డుల నవీకరణ ఆధారంగా 2020 అక్టోబరు 29న అది మొదలైంది. తహసీల్దారు కార్యాలయంలో ఒకే రోజు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ పూర్తికావడం నిజమైన మేలు. పేచీ లేని భూమి ఉన్నవారికి అది సుఖంగానే ఉంది. పేచీ ఉన్నవారి సంగతి వేరు. వివాదాస్పదమని పార్ట్-బిలో పడ్డ భూములకు పాస్‌పుస్తకం రాలేదు. సర్వే నంబర్లో ఒక్క భాగం మీద అభ్యంతరం ఉంటే మొత్తం నంబరు నిషేధిత జాబితాలోకి వెళ్లిందని రైతులు మొత్తుకున్నారు. దిద్దే దారి ఏది? ధరణికి ఆధారమైన 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. అదే సమయంలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థనూ తీసేశారు. మండలంలో రికార్డు తెలిసిన తహసీల్దారుకు దిద్దే అధికారం లేదు. అధికారం ఉన్న కలెక్టరుకు ఊళ్లో హద్దురాళ్ల సంగతి తెలియదు. మిగిలింది సివిల్ కోర్టు.

ఈ చిక్కులు విప్పడానికి ఒక్కో రకం ఫిర్యాదుకు ఒక్కో మాడ్యూల్ కలుపుతూ పోయారు. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అది ప్రధానంగా మార్చింది దిద్దుబాటు, అప్పీలు అధికారాలను. కింది స్థాయి అధికారులకు వాటిని తిరిగి ఇచ్చింది. ఊరికి గ్రామ పాలన అధికారి పేరుతో రెవెన్యూ మనిషీ మళ్లీ వచ్చాడు. అయిదేళ్ల వ్యవధిలో ఒక రాష్ట్రం తీసేసిన మనిషిని తిరిగి పెట్టుకోవాల్సి వచ్చిందంటే, ఆ మనిషి చేస్తున్న పనిలో కొంత భాగం ఏ తెరా చేయలేదని ఒప్పుకున్నట్టే. భూభారతి ఎంతవరకు నెరవేరుతుందో ముందు ముందు చూడాలి.

రికార్డులో చోటే లేనివారు మరో వర్గం. ధరణిలో సాగుచేసేవారి పేరుకు, అంటే అనుభవదారు కాలమ్‌కు, తావు ఉండేది కాదు. రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలోకే పోయింది. కౌలు రైతుకు ఎర్రర్ మెసేజ్ కూడా వచ్చేది కాదు, ఎందుకంటే ఆ వ్యవస్థ లెక్కలో అతను లేడు.

పేర్ల గొడవ చిన్నదిగా కనిపిస్తుంది గానీ అందరికీ తగిలేది అదే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో పొడి అక్షరం ఉంటుంది, పాస్‌పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి పోతుంది. తెలుగు పేరును ఇంగ్లిషు అక్షరాల్లోకి దించిన ప్రతి ఆపరేటరూ తన చెవికి తోచినట్టు రాశాడు. మనుషులకు ఇవి ఒకటే పేరు. రెండు డేటాబేసులను జతచేసే సాఫ్ట్‌వేర్‌కు ఇద్దరు మనుషులు. ఉగాండాలో పుట్టిన తేదీతో ఇలాంటి చిక్కే వచ్చింది. అక్కడ జాతీయ గుర్తింపు కార్డు లేనివారు వయోజనుల్లో మూడో వంతు దాకా ఉంటారనీ, కార్డులో వయసు తప్పుపడి వృద్ధులు పింఛను కోల్పోతున్నారనీ 2021లో పౌర సంఘాలు, పరిశోధకులు కలిసి వెలువరించిన నివేదిక చెప్పింది.

ఊరి దాకా చేరేదెంత?

అంతర్జాతీయ టెలికాం సంఘం లెక్క ప్రకారం 2024లో సంపన్న దేశాల్లో 93 శాతం మంది నెట్ వాడుతుంటే, అల్పాదాయ దేశాల్లో 27 శాతమే వాడుతున్నారు. ప్రపంచంలో 260 కోట్ల మంది అప్పటికి ఇంకా బయటే ఉన్నారు. దేశాల మధ్య ఉన్న ఈ అంతరం ఒక్కో ఇంట్లోనూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా నెట్ వాడామన్న మగవారు 57 శాతం, ఆడవారు 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారి వాటా 21 శాతం దగ్గరే ఆగింది. ఆ తర్వాత పరిస్థితి మెరుగైంది, కానీ ఇంట్లో ఒక ఫోను ఉండటం, అది ఆమె చేతిలో ఉండటం రెండూ ఒకటి కాదు. పింఛను ఓటీపీ కొడుకు ఫోనుకు వెళ్తే ఆ పింఛను మీద పెత్తనం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

2021 మే నెలలో 18-44 ఏళ్ల వారికి కొవిడ్ టీకా కావాలంటే కోవిన్ పోర్టల్‌లో ముందుగా నమోదు చేసుకోవాలన్న నియమం వచ్చింది. పల్లెల్లో చదువురానివారు ఏం చేయాలని సుప్రీంకోర్టు నిలదీసింది. నేరుగా వచ్చినవారికీ టీకా వేసేలా ప్రభుత్వం నిబంధన సడలించింది. పోర్టల్ పనిచేసింది, తలుపు కూడా తెరిచారు. ఈ రెండూ కలిశాకే అది అందరి వ్యవస్థ అయింది.

అందుకే మధ్యవర్తి సేవా కేంద్రాలను తక్కువగా చూడకూడదు. మన ఈసేవ 2001లో, మీసేవ 2011లో మొదలయ్యాయి. బంగ్లాదేశ్ 2010 నవంబరులో 4,501 యూనియన్ పరిషత్తుల్లో సమాచార కేంద్రాలు తెరిచి, ఒక్కోచోట ఒక మగ, ఒక ఆడ నిర్వాహకులను పెట్టాలనుకుంది. రువాండాలో ఇరెంబో పోర్టల్ ఊరూరా ఉన్న ఏజెంట్ల మీద నడుస్తోంది. ఎవరి ఫోన్లో వారే అన్నీ చేసుకుంటారన్న ఊహ కన్నా, జీతం దొరికి జవాబు చెప్పే ఆపరేటరు ఉండటం మెరుగైన ఆలోచన. అతనికి ఆదాయం ఉండాలన్నది షరతు. 2000లో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో మొదలైన జ్ఞానదూత్ కియోస్కుల పథకం అంతర్జాతీయ బహుమతి తెచ్చుకుంది. కరెంటు కోతలతో, చేయించుకునే సేవలు తక్కువై కియోస్కులు చివరికి కునారిల్లాయి.

ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర అనే వాట్సాప్ పాలనను మొదలుపెట్టింది. జనం అప్పటికే వాడుతున్న యాప్‌లోకి ప్రభుత్వం రావడం తెలివైన పనే. 2019లో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయాల కౌంటర్లు దాని పక్కనే గట్టిగా నిలిస్తే ఆ మేలు ఫోను లేనివారికీ చేరుతుంది.

దేవుడు వరమిచ్చినా

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి అంటారు. డిజిటల్ సంస్కరణలో ఆ పూజారి కింది స్థాయి ఉద్యోగి. అతన్ని తప్పించడానికే కంప్యూటర్ తెస్తున్నామని రాజధానిలో అంటారు. ఆ కంప్యూటర్ నడిపేదీ అతనే.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ జిల్లా యంత్రాంగంతో కలిసి ప్రభుత్వ నర్సుల హాజరును సమయం ముద్రించే యంత్రాలతో నమోదు చేసింది. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత పై అధికారులే మినహాయింపు రోజులు ఉదారంగా మంజూరు చేస్తూ పోయారు. పద్దెనిమిది నెలలకు పథకం పూర్తిగా నిష్ఫలమైందని 2008లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్ రాశారు. అక్కడ పథకాన్ని ముఖ్యంగా దెబ్బతీసింది యంత్రం చుట్టూ నియమాలను వంచడమే. ఉపాధి హామీ కూలీల హాజరుకు 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన ఫోటో యాప్‌లోనూ అంతే. పాత ఫోటోకే మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్లో రాయాల్సి వచ్చింది. సిగ్నల్ లేని చోట నిజంగా పనిచేసిన కూలీ ఫోటో ఎక్కక కూలి పోగొట్టుకుంటే, దొంగ మస్టర్ రాసేవాడికి మార్గం దొరుకుతూనే ఉంది.

పైస్థాయి దోపిడీకి మలావీ ఉదాహరణ. ప్రభుత్వ ఖర్చులన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడిపితే దొంగతనం ఆగుతుందని అంతర్జాతీయ దాతలు చెప్పేవారు. 2013లో అదే సాఫ్ట్‌వేర్ ద్వారా చెల్లింపులు జరిపి, ఆ పద్దులను తుడిచేసి, కొన్ని నెలల్లో సుమారు 3.2 కోట్ల డాలర్లు కాజేశారు. దాన్ని అక్కడ క్యాష్‌గేట్ అంటారు. పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉంది, చెరిపే హక్కు ఎవరికుంది, ఆ చెరుపుడు ఇంకెవరికైనా కనిపిస్తుందా అన్న ప్రశ్నలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను అడగదు.

ఉద్యోగులంతా దొంగలని దీనర్థం కాదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఫీల్డ్ అసిస్టెంటు నేడు యాప్‌లు నింపుతూనే రిజిస్టర్లు కూడా రాస్తున్నారు. డిజిటల్ వచ్చాక పని తగ్గకపోగా రెట్టింపయిందని వారి గోడు. వారి గొంతు వినకపోతే నష్టమే, వారి గొంతే విన్నా నష్టమే. ఆంధ్ర స్మార్ట్‌కార్డుల విషయంలో ప్రభుత్వానికి చేరిన కబుర్లు ఎక్కువగా కింది ఉద్యోగుల ఫిర్యాదులే. లబ్ధిదారులను నేరుగా అడిగిన సర్వేలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కొత్త పద్ధతే బాగుందన్నారు. అడిగి లెక్కగట్టకపోతే ఆ మాట ఎవరి చెవినా పడేది కాదు.

తీర్పు చెప్పే డేటా, జవాబు చెప్పని శాఖ

ఇప్పటి దశ ఇంకా సున్నితమైనది. శాఖలన్నిటి సమాచారాన్ని కలిపి అర్హతను కంప్యూటర్ చేత తేల్చడం మొదలైంది. తెలంగాణ సమగ్ర వేదిక ఇలాంటిదే: వాహనాలు, ఆస్తులు, ఉద్యోగాల వివరాలను పేరు, చిరునామాల పోలికతో ఒకే కుటుంబానికి జతచేస్తుంది. 2014-19 మధ్య రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు ఇవ్వకుండా తీసేశారన్న కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమంది. 2024 జనవరిలో వెలువడిన ఒక పాత్రికేయ పరిశోధనలో, రిక్షా తొక్కి బతికిన భర్తను అలాంటి పేరే ఉన్న కారు యజమానిగా వ్యవస్థ పొరబడటంతో ఒక పేద వితంతువు కార్డు పోయిన వైనం బయటపడింది. రద్దయిన కార్డుల్లో నకిలీవీ, అనర్హులవీ చాలానే ఉండి ఉంటాయి. ప్రశ్న అది కాదు. తాను అర్హురాలినని రుజువు చేసుకునే భారం ఆమె మీద పడింది, అదీ కార్డు పోయాక.

కోర్టులు ఈ విషయంలో శాసనసభల కన్నా ముందే మేల్కొన్నాయి. 2018 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో ఆధార్‌ను సంక్షేమ పథకాలకు వాడటాన్ని సమర్థించింది. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరు విభేదించారు. 2019 ఏప్రిల్‌లో జమైకా సుప్రీంకోర్టు తమ జాతీయ గుర్తింపు చట్టాన్ని కొట్టేస్తూ ఆ భిన్నాభిప్రాయం మీద ఆధారపడింది. కెన్యాలో హుదుమా నంబా అనే గుర్తింపు పథకాన్ని సరైన చట్టపు చట్రం లేకుండా సాగించవద్దని 2020 జనవరిలో హైకోర్టు అంది. వ్యక్తిగత సమాచారానికి కలిగే ముప్పును ముందుగా అంచనా వేయలేదంటూ 2021 అక్టోబరులో కార్డుల జారీ చెల్లదంది. కెన్యాలో రెండుసార్లూ న్యాయమూర్తులు సాంకేతికతను తప్పుపట్టలేదు, వరస తప్పిందన్నారు: ముందు చట్టం, ఆ తర్వాతే నమోదు. మన దేశం 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తెచ్చింది, కానీ ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే ఉంచింది.

కట్టడం వేరు, నిలబెట్టడం వేరు

2024 జూన్‌లో ఇండొనేషియాలోని సురబయాలో ఉన్న తాత్కాలిక జాతీయ డేటా కేంద్రం మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 200కు పైగా ప్రభుత్వ సంస్థల సేవలు స్తంభించాయి, విమానాశ్రయాల్లో ఇమిగ్రేషన్ వరుసలు పెరిగాయి. దుండగులు 80 లక్షల డాలర్లు అడిగారు. ఆ కేంద్రంలోని సమాచారంలో 98 శాతానికి బ్యాకప్ లేదని సైబర్ భద్రతా సంస్థ అధిపతి పార్లమెంటు సభ్యులకు చెప్పారు. బ్యాకప్ సదుపాయం ఉంది గానీ ఐచ్ఛికం. డబ్బు లేక చాలా శాఖలు తీసుకోలేదు. 2022లో కోస్టారికా ఇలాంటి దాడితోనే పన్ను, కస్టమ్స్ వ్యవస్థలు ఆగిపోయి జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2023లో శ్రీలంక ప్రభుత్వ ఈమెయిళ్లలో మూడు నెలలకు పైగా కాలంలో పోగైన సమాచారం పోయింది. పాతబడిన సాఫ్ట్‌వేర్‌ను మార్చకపోవడం ఒక కారణం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయినప్పుడు ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. కాగితం మీద పని నడిపే అలవాటు ఇంకా చావనందుకే ఆసుపత్రి నడిచింది.

ఈ సంఘటనల వెనక ఉన్నది బడ్జెట్ తీరు. ప్రారంభోత్సవానికి డబ్బు దొరుకుతుంది, నిర్వహణకు దొరకదు. దాతల నిధులతో నడిచే దేశాల్లో ప్రతి సంస్థా తన పైలట్ ప్రాజెక్టు తనే పెడుతుంది. ఒకదానితో ఒకటి కలవని ఆరోగ్య యాప్‌లు పుట్టగొడుగుల్లా పెరిగాక, 2012 జనవరిలో ఉగాండా ఆరోగ్య శాఖ అనుమతి లేని కొత్త డిజిటల్ ప్రాజెక్టులను ఆపేయమని ఆదేశించింది. కాంట్రాక్టుల బెడద మరో వైపు. వ్యవస్థను కట్టిన ప్రైవేటు సంస్థ ఒక్కదానికే దాని లోపలి సంగతి తెలిస్తే, ప్రభుత్వం తన రికార్డులకు తానే అద్దెదారు అవుతుంది. ధరణి నిర్వహణ 2024 డిసెంబరులో ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రానికి మారడం వెనక ఈ ఆందోళన కూడా ఉంది. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే గుర్తింపు వేదిక, దక్షిణాఫ్రికాలో 1990ల్లో పుట్టి ఓస్లో విశ్వవిద్యాలయంలో పెరిగిన డీహెచ్ఐఎస్2 అనే ఆరోగ్య సమాచార వేదిక వంటి ఓపెన్ సోర్స్ వేదికలు ఈ బందీతనానికి కొంత విరుగుడు. కోడ్ ఉచితమైనా దాన్ని అర్థం చేసుకునే ఇంజనీర్లకు ప్రభుత్వంలో జీతం, స్థానం ఇవ్వకపోతే అదీ చేజారుతుంది.

నెగ్గిన చోట ఏం చేశారు?

2020 ఏప్రిల్‌లో టోగో నొవిస్సీ అనే నగదు సాయాన్ని పది రోజుల్లో సిద్ధం చేసింది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్లో ఒక కోడ్ నొక్కితే చాలు. కొత్త గుర్తింపు కార్డు కోసం ఆగకుండా, కొద్ది నెలల ముందే సవరించిన ఓటరు జాబితాను వాడుకున్నారు. మగవారికి నెలకు 10,500 సీఎఫ్ఏ ఫ్రాంకులైతే ఆడవారికి 12,250 ఇచ్చారు. రెండో దశలో ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ వాడకం ఆధారంగా అతి పేదలను గుర్తించారు. ప్రాంతాన్ని బట్టి ఎంపిక చేసే పద్ధతి కన్నా ఇందులో అర్హులు తప్పిపోవడం తగ్గిందని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. దీన్ని కూడా పొగడ్తతో వదిలేయలేం: ఓటు నమోదు కానివారు, ఫోన్ లేనివారు బయటే ఉండిపోయారు. అత్యవసరంలో తొందరగా కొందరికి చేర్చడానికి అది మంచి పద్ధతి. హక్కుగా అందరికీ చేర్చాల్సిన రేషన్‌కు అదే సరిపోదు.

ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీలో ఇంకో దారి కనిపించింది. మస్టర్ల వివరాలు ఎవరైనా చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ ప్రింటవుట్లు పట్టుకుని గ్రామసభలో పేరు పేరునా చదివి సరిచూసే సామాజిక తనిఖీని 2006 నుంచి విస్తరించారు. అంకె తెరమీద, సాక్షి ఎదురుగా. తప్పు బయటపడటానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. అయినా తేలిన అక్రమాల్లో పోయిన సొమ్ము కొద్ది భాగమే వసూలైందనీ, శిక్షలు అరుదనీ ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఇవర్సన్ 2014లో చూపారు. బయటపెట్టడం, దిద్దడం రెండు వేర్వేరు పనులు. మొదటిది డిజిటల్ వల్ల సులువైంది, రెండోదానికి ఇప్పటికీ రాజకీయ సంకల్పమే కావాలి.

తేలేదేమిటి?

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే కొన్ని మాటలు ధైర్యంగా చెప్పవచ్చు. పాత పద్ధతిని మూసేసే తేదీని కొత్తది ప్రారంభించే తేదీతో కలపకూడదు. రెండూ పక్కపక్కన నడిచే కాలం వృథా ఖర్చు కాదు, భద్రతకు కట్టే మూల్యం. దొంగతనం ఏ రూపంలో జరుగుతోందో తెలుసుకోకుండా సాధనం కొనకూడదు. రికార్డును ఎక్కించే ముందే దాన్ని ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏ స్థాయిలో దిద్దాలో చట్టంలో రాయాలి. ఆ అధికారం పౌరుడు ఒక్కరోజులో నడిచి వెళ్లి రాగల దూరంలో ఉండాలి. కోత వేసే ముందు నోటీసు ఇవ్వాలి. ఆ కోత తప్పు కాదని నిరూపించే భారం శాఖ మీదే ఉండాలి. నిర్వహణ, బ్యాకప్, శిక్షణల ఖర్చు లేని ప్రాజెక్టు అంచనాను ఆర్థిక శాఖ తిప్పి పంపాలి.

వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు, ఏదీ పేద దేశాల స్తోమతకు మించినదీ కాదు. అమలు కాకపోవడానికి కారణం, వీటికి ప్రారంభోత్సవాలు ఉండవు, ర్యాంకుల్లో మార్కులు పడవు. ఆ లెక్కే మార్చాలి. నేడు ప్రభుత్వ డాష్‌బోర్డులు ఎన్ని లావాదేవీలు విజయవంతమయ్యాయో చూపుతాయి. వేలిముద్ర మూడుసార్లు పడక తిరిగి వెళ్లిన మనిషి, పేరు జతపడక ఆగిన పింఛను, పార్ట్-బిలో పడ్డ ఎకరం ఆ తెరమీద కనిపించవు. తిరస్కరణల సంఖ్యను, కారణాన్ని, ఎన్ని రోజుల్లో ఎవరు పరిష్కరించారన్న వివరాన్ని మండలాల వారీగా ప్రతి నెలా ప్రచురించమని చట్టం ఆదేశిస్తే, మంత్రి సమీక్షలో అడిగే మొదటి ప్రశ్న మారుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ కాంట్రాక్టులో రాసే షరతు కూడా మారుతుంది. ఇందుకు కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. ఉన్న యంత్రాలే ఆ సమాచారాన్ని ఇప్పటికే నమోదు చేస్తున్నాయి. దాన్ని బయటపెట్టడం ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయం.